పాఠశాల పిల్లలను స్కీయింగ్ కోసం గుల్‌మార్గ్ తీసుకువెళ్లాలంటే

మంచును ఎన్నడూ చూడని మన ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు స్కీయింగ్ నేర్పించాలనుకునే పాఠశాల, అది విహారయాత్రో శిక్షణో ముందుగా తేల్చుకోవాలి. కాశ్మీర్‌లోని దాల్ సరస్సు, మొఘల్ తోటలు, పహల్గామ్ అన్నీ ఒకే వారంలో ఇరికిస్తే పిల్లలు మంచు మీద గడిపేది ఒకటిన్నర రోజుకు మించదు. కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకలైన స్కీల మీద నిలబడడం, మంచుపై జారడం, తమంతట తాము ఆగడం వాళ్లకు పట్టుబడాలంటే కనీసం నాలుగు పూర్తి రోజులు కావాలి. మిగతావన్నీ ఆ నాలుగు రోజుల చుట్టూ అమర్చుకోవాలి.

స్కీయింగ్‌కు ఉత్తరాఖండ్‌లోని ఔలి, హిమాచల్‌లోని సోలాంగ్ కూడా మంచి చోట్లే అయినా, రిషికేశ్ నుంచి ఔలికి దాదాపు రోజంతా ఘాట్ రోడ్డు ప్రయాణం ఉంటుంది. గుల్‌మార్గ్ శ్రీనగర్ విమానాశ్రయానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కనుక పిల్లలకు అదే మేలని నా అభిప్రాయం. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి జరిగిన తరువాత కాశ్మీర్ అనగానే తల్లిదండ్రులు వెనుకాడడం సహజం. వారి భయాన్ని తీసిపారేయకుండా ప్రయాణం నాటికి అమల్లో ఉన్న ప్రభుత్వ సూచనలను వారి ముందుంచి మాట్లాడాలి. ఒప్పుకోని వారిని బలవంతపెట్టకూడదు.

సంక్రాంతి సెలవులు అనుకూలంగా కనిపించినా వాటిని నమ్ముకోవడం మంచిది కాదు. 2024 జనవరిలో గుల్‌మార్గ్ వాలులు చాలా రోజులు మంచు లేక బోసిపోయాయి, నెలాఖరుకు గాని హిమపాతం మొదలుకాలేదు. కాబట్టి ఫిబ్రవరి మొదటి రెండు వారాలను ఎంచుకోవాలి. పదో తరగతి వారికి అవి పరీక్షలు దగ్గరపడే రోజులు గనుక వారిని ఈ యాత్రలో చేర్చకపోవడమే న్యాయం. పొగమంచు వల్ల, హిమపాతం వల్ల శ్రీనగర్ విమానాలు ఆలస్యమవుతాయి, ఒక్కోసారి రద్దవుతాయి కూడా. అందుకే తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోవాలి.

శిక్షకుల విషయంలో మాత్రం రాజీపడవద్దు. కేంద్ర పర్యాటక శాఖ ఆధ్వర్యంలోని స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ గుల్‌మార్గ్‌లోనే ఉంది, ముందుగా దానికే నెలల ముందు లేఖ రాయాలి. మరెవరినైనా కుదుర్చుకుంటే వారి ధ్రువపత్రాలు, ప్రథమ చికిత్సలో పొందిన శిక్షణ, ఒక్కొక్కరి కింద ఎంతమంది పిల్లలు ఉంటారన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. కొత్తగా నేర్చుకునేవారు ఒక శిక్షకుడికి ఎనిమిది మందికి మించకూడదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ డ్యామ్ నుంచి నీరు వదలడంతో కొట్టుకుపోయిన సంగతి మన తల్లిదండ్రులు మరిచిపోలేదు. ఆ నేల గుణం తెలిసిన స్థానికుడు వద్దన్న చోట పిల్లల కాలు పడకూడదన్న నియమం ఉపాధ్యాయులకు కూడా వర్తించాలి.

బయలుదేరడానికి ఆరు వారాల ముందు నుంచి వ్యాయామ ఉపాధ్యాయుడు పిల్లల చేత గుంజీళ్లు తీయించాలి, మెట్లు ఎక్కించాలి, గోడకుర్చీ వేయించాలి. ఒకప్పుడు బడిలో శిక్షగా ఉన్న గోడకుర్చీ, స్కీల మీద మోకాళ్లు వంచి నిలబడినప్పుడు తొడలపై పడే భారాన్నే అలవాటు చేస్తుంది.

స్కీలు, బూట్లు, హెల్మెట్లు అక్కడ అద్దెకు దొరుకుతాయి. ప్రతి పిల్లవాడి ఎత్తు, బరువు, సెంటీమీటర్లలో పాదం పొడవు ముందే పంపితే మొదటి రోజు సగం వృథా కాకుండా ఉంటుంది. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను బరువుకు తగినట్లు సరిచేయకపోతే, పడినప్పుడు అది ఊడక మోకాలు మెలిపడుతుంది. కనుక శిక్షకుడు ఒక్కొక్కటి స్వయంగా పరీక్షించాలి. చలికి భయపడి తల్లులు రెండేసి జతల మేజోళ్లు వేసి పంపుతారు. అయితే బూటులో అవి ముడతలు పడి పొక్కులు తెస్తాయి, పాదాలకు రక్తప్రసరణ తగ్గి చలి ఇంకా ఎక్కువవుతుంది. మోకాలి వరకు వచ్చే ఉన్ని మేజోళ్లు ఒక జత చాలు. నూలు బనియన్లు చెమటను పట్టి ఉంచుతాయి కాబట్టి ఒంటికి తగిలే దుస్తులు ఉన్నివో సింథటిక్‌వో కావాలి. తడవని చేతి తొడుగులు రెండు జతలు, చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

గుల్‌మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. 2,500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం కలుగుతాయి. మొదటి రాత్రి శ్రీనగర్‌లో ఉంచి, మరునాడు పైకి తీసుకువెళ్లాలి, తరచుగా నీళ్లు తాగించాలి. తలనొప్పి పెరుగుతూ ఉన్న బిడ్డను మాత్రలిచ్చి ఉంచకుండా కిందికి దించి వైద్యుడికి చూపించాలి. సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు వెళ్లే గొండోలా (తీగలపై నడిచే రోప్‌వే) రెండో దశను ఈ యాత్రలో చేర్చనే వద్దు.

గది వెచ్చగా ఉందా అని అడిగే ముందు అది దేనితో వెచ్చబడుతోందో అడగండి. తలుపులు మూసిన గదిలో బొగ్గు కుంపటి గాని, గ్యాస్ హీటర్ గాని రాత్రంతా వెలిగితే, వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పిల్లల గదుల్లో కేంద్రీకృత తాపనం (భవనమంతటికీ ఒకే చోటి నుంచి వేడి అందించే ఏర్పాటు) లేదా విద్యుత్ దుప్పట్లు ఉన్న హోటల్‌నే ఎంచుకోవాలి.

సాధారణ ప్రయాణ బీమాలో స్కీయింగ్ తరచుగా చేరదు కాబట్టి పాలసీలో ఆ మాట ఉందో లేదో స్వయంగా చదవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్ముకాశ్మీర్‌లో పనిచేయవు. కనీసం ఇద్దరు ఉపాధ్యాయుల వద్ద పోస్ట్‌పెయిడ్ ఫోన్లు ఉండాలి. ఆ రెండు నంబర్లను తల్లిదండ్రులకు ముందే ఇచ్చి, ప్రతి సాయంత్రం పిల్లలను లెక్కపెట్టిన తరువాత వాటి నుంచే కబురు పంపాలి.