ఫెరారీ అయినా సెలెరియో అయినా, ఆటో గేరు హైడ్రాలిక్స్ చెక్ చేసుకోవడం ఎలా?

మడపాం టోల్ క్యూలో ముందుకి జరుగుతుండగా గేరు నంబరు మాయమై కారు న్యూట్రల్‌లో ఉండిపోతే, వెనక లారీవాడు హారన్ ఆపకుండా కొడుతుంటే ఎవరికైనా టెన్షనే. అలాంటి కారుని షెడ్డుకి తోయించుకెళ్తే మొదట వినిపించే మాట "క్లచ్ పోనాది బాబూ, గేర్‌బాక్స్ దింపాల". అప్పుడే దింపనివ్వకండి. క్లచ్ పెడల్ లేకుండా, ఆ పని ఆయిల్ ప్రెషర్‌తో (హైడ్రాలిక్స్‌తో) జరిగే ఈ రకం ఆటో గేరు కార్లలో (వీటినే ఏఎంటీ అంటారు) చాలాసార్లు క్లచ్ బాగానే ఉంటుంది, దాన్ని నొక్కే ఆయిల్‌కి ప్రెషర్ ఉండదు. అది తేల్చుకోవడానికి మొదట కావలసింది ఒక మల్టీమీటరు, మీ చెవులు.

1997లో ఫెరారీ 355 ఎఫ్1 మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్ పెడల్ తీసేసి, ఆ పనిని మాగ్నెటి మరెల్లి అనే కంపెనీ హైడ్రాలిక్స్‌కి అప్పగించింది. 2014లో మన దగ్గరికి వచ్చిన మారుతీ సెలెరియో ఏజీఎస్ (ఏఎంటీకి మారుతీ పెట్టుకున్న పేరు) కూడా అదే కంపెనీ సిస్టమ్‌తో వచ్చింది. ఖరీదు, వేగం వేరు గానీ పని చేసే తీరు ఒకటే కాబట్టి, శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో తిరిగే సెలెరియోకీ ఎవరో ముచ్చటపడి కొనుక్కున్న పాత స్పోర్ట్స్ కారుకీ పరీక్ష దాదాపు ఒకటే. కొన్ని ఏఎంటీలు మాత్రం ఆయిల్ లేకుండా ఎలక్ట్రిక్ మోటార్లతోనే నడుస్తాయి, మీది ఏదో ముందు మాన్యువల్‌లో చూసుకోండి.

ఒక చిన్న కరెంటు పంపు ఆయిల్‌ని నెట్టి అక్యుమ్యులేటర్ అనే ఉక్కు డబ్బాలో ప్రెషర్‌తో నిల్వ చేస్తుంది. డబ్బా లోపల రబ్బరు పొరకి ఒకవైపు నైట్రోజన్, ఇంకోవైపు ఆయిల్ ఉంటాయి. ఇంటి మీద వాటర్ ట్యాంకు ఉంటే కుళాయి తిప్పినప్పుడల్లా మోటారు వేయక్కర్లేదు కదా, ఇదీ అంతే. అక్కడి నుంచి సోలినాయిడ్ వాల్వులు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేవి) ఆయిల్‌ని క్లచ్‌కీ గేర్లకీ పంపుతాయి. ప్రెషర్ సుమారు 40 నుంచి 50 బార్ ఉంటుంది, టైర్లో గాలి 2 బార్‌కి కాస్త అటూ ఇటూ. అందుకే ప్రెషర్ దించకుండా ఒక్క పైపు నట్టు కూడా వదులు చేయకండి, సన్నగా చిమ్మిన ఆయిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, అది ఆపరేషన్ దాకా వెళ్ళే దెబ్బ.

మొదటి పని బ్యాటరీ. రాత్రంతా ఆపి ఉంచిన కారులో 12.4 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే ముందు ఛార్జ్ చేయండి. ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఎర్త్ వైరు బిగువుగా ఉందో లేదో కూడా చూడండి. వోల్టేజ్ లేకపోతే పంపు నీరసంగా తిరుగుతుంది, కంప్యూటర్ గేర్‌బాక్స్ ఫాల్ట్ చూపిస్తుంది, మీరేమో క్లచ్‌కి డబ్బులు కడతారు.

రెండోది వినడం, అసలు విషయమంతా ఇక్కడే ఉంది. వీధి సద్దుమణిగాక, కారు చల్లగా ఉన్నప్పుడు డ్రైవర్ డోర్ తెరవండి. చాలా మోడళ్ళలో డోర్ తెరవగానే పంపు జుయ్‌మని కొన్ని సెకన్లు తిరిగి టక్కున ఆగుతుంది. ప్రెషర్ ముందే నిండి ఉంటే మోగకపోవచ్చు, కంగారు పడొద్దు. తర్వాత చక్రాలకి రాళ్ళు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి, బ్రేక్ తొక్కి న్యూట్రల్, ఫస్ట్, న్యూట్రల్, రివర్స్ మారుస్తూ పంపు ఎప్పుడెప్పుడు మోగుతోందో గమనించండి. కొన్ని మార్పులకి ఒకసారి మోగితే బాగున్నట్టే. ప్రతి మార్పుకీ మోగుతోందంటే అక్యుమ్యులేటర్లో నైట్రోజన్ అయిపోయి ఉండొచ్చు. గేరు ముట్టుకోకపోయినా కాసేపటికోసారి మళ్ళీ మళ్ళీ మోగితే ప్రెషర్ ఎక్కడో జారిపోతోంది, బయట లీకేజీ లేకపోతే లోపలి వాల్వుల మీద అనుమానం. ఆగకుండా మోగుతూనే ఉంటే వెంటనే పంపు రిలే (పంపుకి కరెంటు ఇచ్చే స్విచ్) పీకేయండి, రిలే అతుక్కుపోయినా అలాగే తిరుగుతుంది, వదిలేస్తే మోటారు కాలిపోతుంది. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, రిలే, ఆ తర్వాతే పంపు.

చెవికి తెలిసినదాన్ని స్కానర్‌తో ఖాయం చేసుకోండి. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ రీడర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్లే చదువుతాయి, గేర్‌బాక్స్ కంప్యూటర్లోకి వెళ్ళి లైవ్ ప్రెషర్ చూపించేది కావాలి. గేరు మార్చకుండా ఉంచితే ప్రెషర్ నిలబడుతోందా, ఒక్క మార్పుకి ఎంత పడిపోతోంది, మళ్ళీ నిండడానికి ఎంతసేపు పడుతోంది, ఈ మూడూ రాసుకోండి.

ఇక ఆయిల్. ఫెరారీ ఎఫ్1కి టుటెలా సీఎస్ స్పీడ్, పాత బీఎండబ్ల్యూ ఎం3లో ఉండే ఇదే రకం గేర్‌బాక్స్ ఎస్ఎంజీకి పెంటోసిన్ సీహెచ్ఎఫ్ 11ఎస్ వాడతారు. బ్రేక్ ఆయిల్ మాత్రం ఒక్క చుక్క కూడా పోయొద్దు, సీళ్ళు ఉబ్బి మొత్తం సిస్టమ్ పాడవుతుంది. ప్రెషర్ దించితే డబ్బాలోని ఆయిల్ ట్యాంకులోకి తిరిగొచ్చి లెవెల్ పైకి కనిపిస్తుంది, కాబట్టి మాన్యువల్ ఏ స్థితిలో చూడమందో అలాగే చూడండి, లేకపోతే ఎక్కువ పోసేస్తారు. ఈ ఆయిల్ ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే లీకే. పైపు జాయింట్లన్నీ శుభ్రంగా తుడిచి, మర్నాడు తెల్ల గుడ్డతో ఒక్కొక్కటీ అద్ది చూడండి. కళింగపట్నం, భోగాపురం వైపు ఉప్పుగాలిలో ఉండే కార్లకి ఫిట్టింగుల చుట్టూ తుప్పు, కనెక్టరు పిన్నుల మీద పచ్చటి చిలుము కూడా వెతకండి. ఈ వాతావరణానికి రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చడం నా సలహా, మాన్యువల్లో అంతకన్నా తక్కువ గడువు ఉంటే అదే పాటించండి.

విడిభాగాలు మార్చాల్సి వస్తే రిలే, అక్యుమ్యులేటర్, పంపు, చివరికి వాల్వ్ బ్లాక్ (ఆ వాల్వులుండే దిమ్మ), ఈ వరసలో వెళ్ళండి. పంపు కాలిపోయిందని ఒక్క పంపే మార్చేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. చాలాసార్లు అక్యుమ్యులేటర్ నీరసించి పంపుని పదేపదే తిప్పడం వల్లే అది కాలుతుంది, పాత డబ్బాతో కొత్త పంపుకీ అదే గతి. ప్రెషర్ దించడం, గాలి తీయడం, క్లచ్ పట్టే పాయింటుని కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పడం స్కానర్‌తోనే చేయించండి. ఆ చివరిది మానేస్తే కొత్త సామాను వేసినా కారు ఊగుతూనే కదులుతుంది.

నడిపేటప్పుడు రైల్వే గేటు దగ్గర న్యూట్రల్ చేయండి, గేరులో ఉంచి బ్రేక్ తొక్కితే అంతసేపూ ఆయిల్ ప్రెషరే క్లచ్‌ని పట్టుకుని ఉండాలి. ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగితే యాక్సిలరేటర్ మీద కారుని నిలబెట్టకండి, బ్రేక్ వేయండి. క్లచ్ నిజంగానే మాడేది అక్కడే.

రెండు క్లచ్‌లుండే డ్యుయల్ క్లచ్ ఆటో గేరు బండ్లకి లెక్క వేరు. పాత స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్‌లో ఉండే డీక్యూ250 లాంటి తడి క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్) గేర్‌బాక్స్‌కి 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టరు మార్చాలి, లెవెల్‌ని కంపెనీ చెప్పిన టెంపరేచర్ దగ్గరే చూడాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే బండి మీరు వెళ్ళేసరికి చల్లగా ఉండాలని ముందే చెప్పండి. డోర్ మీరే తెరిచి వినండి, క్లచ్ అరుగుదల రీడింగ్ స్కానర్ మీద చూపించమనండి, చూపించకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.