ఇంట్లో పిల్లి, కుక్క ఉండగా పక్షిని పెంచడం: ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలి

పక్షిని కొనేటప్పుడు రంగు చూస్తాం, కూత వింటాం, ఇంట్లో ఉన్న పిల్లి సంగతి వచ్చేసరికి మాత్రం "నాలుగు రోజులు పోతే అదే అలవాటు పడుతుందిలే" అనుకుంటాం. అలవాటు పడదు. పిల్లి వేటకీ ఆకలికీ సంబంధం లేదు, కడుపు నిండా తిన్న పిల్లి కూడా రెక్క టపటపలాడితే ఆగలేదు. అందుకే ఈ రెండింటి మధ్య పంజరం ఉంటే చాలదు, మూసిన తలుపు ఉండాలి. కింద చెప్పేవాటిలో చాలా సమస్యలు ఆ తలుపు దగ్గరే తీరిపోతాయి.

సమస్య: తెచ్చి రోజులైనా కూయడం లేదు, సరిగ్గా తినడం లేదు

ముందు ఇది భయమా, జబ్బా తేల్చుకోండి. ఈకలన్నీ ఒంటికి అతుక్కునేలా బిగించి, మెడ సాచి, ఒకే దిక్కు చూస్తూ కర్ర మీద కదలకుండా ఉంటే అది భయం. అప్పుడు రెట్ట కూడా నీళ్లలా పడొచ్చు, కుదుటపడ్డాక మామూలవుతుంది. ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూతలు పడుతూ పంజరం అడుగున కూర్చున్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతున్నా అది జబ్బు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. పక్షులు జబ్బుని ఓపిక ఉన్నంతవరకూ దాచుకుంటాయి, మనకి కనిపించిందంటే అప్పటికే ముదిరిందని అర్థం.

భయమే అయితే కారణం కనుక్కోవడం కష్టం కాదు. పక్షి కూర్చునే ఎత్తులో మీ కళ్ళు పెట్టి చుట్టూ ఒకసారి చూడండి. సోఫా వీపు మీద పడుకున్న పిల్లి, ఫ్రిజ్ మీద పిల్లి ఎక్కే చోటు, కుక్క పడుకునే గుమ్మం, వీటిలో ఏదో ఒకటి సూటిగా కనిపిస్తుంది. పిల్లి ఏమీ చేయకపోయినా, రోజంతా అది కళ్ళెదుట ఉండటమే ఆ చిన్న ప్రాణానికి పెద్ద టెన్షన్.

పంజరాన్ని హాల్లోంచి తీసి తలుపు పడే గదిలోకి మార్చండి. ఒక పక్క గోడకి ఆనించి, మన ఛాతీ ఎత్తులో, బరువైన బల్ల మీద పెట్టండి. కొక్కేనికి వేలాడదీయొద్దు, పిల్లి ఎగిరి పట్టుకుంటే పంజరం మొత్తం కిందికొస్తుంది. దగ్గర్లో పిల్లి ఎక్కి దూకడానికి బీరువా, కుర్చీ లాంటివేవీ ఉండకూడదు. ఇక షాపుల్లో అమ్మే పంజరాలకి పైకి లేపే చిన్న తలుపులుంటాయి చూశారా, వాటిని పిల్లి పంజాతోనే లేపేయగలదు. ప్రతి తలుపుకీ, గింజల గిన్నె పెట్టే కిటికీలకి కూడా, తాళాల గుత్తికి ఉండే లాంటి క్లిప్ తగిలించండి. బడ్జీలకైతే, అంటే మన షాపుల్లో లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్న చిలుకలకి, చువ్వల మధ్య సందు అర అంగుళం దాటకూడదు. ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువున్న పంజరం కొనండి, పక్షి ఎగిరేది అడ్డంగానే కదా.

ఎండాకాలంలో మూసిన గది ఉక్కపోసేస్తుంది. నోరు తెరిచి ఎగపోస్తూ రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుంటే వేడికి తట్టుకోలేకపోతోందన్నమాట. కిటికీకి గట్టి ఇనుప మెష్ కొట్టించి గాలి ఆడనివ్వండి, వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టండి. బాల్కనీ మాత్రం వద్దు, వీధి పిల్లులు, కాకులు అక్కడికే వస్తాయి.

సమస్య: కుక్క పంజరం ముందు గంటల తరబడి కూర్చుంటోంది

తోక ఊపుతూ, వాసన చూసి, పిలిస్తే వచ్చేస్తే అది కుతూహలం. ఒళ్ళు బిగుసుకుని, రెప్ప వేయకుండా చూస్తూ, పేరు పెట్టి పిలిచినా తల తిప్పకపోతే అది వేట చూపు, దాన్ని "ఎంత ప్రేమగా చూస్తోందో" అని వీడియో తీయొద్దు.

మొదటి రకాన్ని దారిలో పెట్టొచ్చు. గొలుసు పట్టుకుని దూరంగా కూర్చోబెట్టండి, పక్షి మీంచి చూపు తిప్పి మీ వైపు చూసిన ప్రతిసారీ తినడానికి ఏదైనా ఇవ్వండి, కొన్ని నిమిషాలకే ఆపేయండి, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం దగ్గరికి తీసుకురండి. రెండో రకానికి శిక్షణ మీద ఆశలు పెట్టుకోకండి, వేరే గదే దారి. ఎంత మంచి కుక్కైనా, పక్షి పంజరం బయట ఉన్నప్పుడు మాత్రం రెండూ ఒకే గదిలో ఉండకూడదు.

సమస్య: పిల్లి పంజా తగిలింది, గాయం మాత్రం కనిపించడం లేదు

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. పిల్లి నోట్లో పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా సాధారణంగా ఉంటుంది, ఒళ్ళు నాక్కున్నప్పుడు గోళ్ళకీ అంటుతుంది. సూది మొనంత గాటు చాలు, ఈకల కింద కనబడదు కూడా, ఒకటి రెండు రోజుల్లో ఒళ్ళంతా విషమై పక్షి చనిపోవచ్చు. గీత పడిందో లేదో అని వెతుకుతూ కూర్చోకండి. పసుపు, నూనె, ఆయింట్‌మెంట్ ఏవీ పూయొద్దు. గాలి కన్నాలున్న అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరిచి, చీకటిగా, వెచ్చగా ఉంచి అప్పటికప్పుడు తీసుకెళ్ళండి. డాక్టర్ యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, పక్షి హుషారుగా కనిపించినా సరే.

పక్షులకి వైద్యం చేసే డాక్టర్లు అన్ని ఊళ్ళలోనూ దొరకరు. పక్షిని కొనే ముందే మీకు దగ్గర్లో ఎవరు చూస్తారో ఫోన్ చేసి కనుక్కోండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీలున్నాయి, దగ్గరివాళ్ళు అక్కడ అడగొచ్చు.

సమస్య: అర్ధరాత్రి పంజరంలో ఒక్కసారిగా రెక్కలు కొట్టుకుంటోంది

కాకటీల్‌లలో, అంటే నెత్తి మీద కుచ్చు ఉండే చిన్న చిలుకల్లో, ఇది ఎక్కువ. చీకట్లో చిన్న చప్పుడైనా, గోడ మీద నీడ కదిలినా బెదిరి చువ్వలకేసి కొట్టుకుంటుంది, ఈకలు విరిగి రక్తం వస్తుంది. చిన్న బెడ్ ల్యాంప్ వెలిగించి ఉంచితే చాలావరకు తగ్గుతుంది. తగ్గలేదంటే తలుపు సందులోంచి పిల్లి వస్తోందేమో, గింజల కోసం ఎలుక తిరుగుతోందేమో చూడండి. రాలిన గింజలు సాయంత్రమే ఊడ్చేయండి. ఎలుకల మందు మాత్రం పెట్టొద్దు, చచ్చిన ఎలుకని మీ పిల్లో కుక్కో తింటే వాటి ప్రాణం మీదికొస్తుంది.

సమస్య: ఏ జంతువూ ముట్టుకోలేదు, పక్షి ఉన్నట్టుండి పడిపోయింది

గాలిలో ఏం కలిసిందో చూడండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ పక్షుల్ని నిమిషాల్లో చంపేస్తుంది. దోమల చుట్టలు, సాంబ్రాణి, బొద్దింకల స్ప్రే కూడా చేటే. అందరూ మర్చిపోయేది కుక్కకి కొట్టే పిడుదుల స్ప్రే. ఆ మందు కుక్కని బయటికి తీసుకెళ్ళి కొట్టండి, పూర్తిగా ఆరాకే లోపలికి తీసుకురండి. పక్షి పడిపోతే వెంటనే మంచి గాలి ఉన్న చోటికి చేర్చి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఇంకా కొనలేదా?

అయితే పని సులువు. పంజరం బయట ఎంతసేపు తిరగాల్సిన పక్షో చూసి ఎంచుకోండి. పిల్లి ఉన్న ఇంటికి నా ఓటు పిచ్చుక కన్నా చిన్నగా ఉండే జీబ్రా ఫించ్‌లకే, జంటగా, వెడల్పాటి పంజరంలో. వాటిని చేతిలోకి తీసుకోనక్కర్లేదు. చువ్వల సందు మాత్రం బడ్జీ పంజరం కన్నా ఇరుగ్గా ఉండాలి. బడ్జీ, కాకటీల్ అయితే రోజూ కొంతసేపు బయటికి వదలాలి, అంటే తలుపు మూసి, ఫ్యాన్ ఆపి, మీరూ ఆ గదిలోనే ఉండాలి. ఆ తీరిక లేకపోతే తేవొద్దు. కాకటీల్ 15 ఏళ్ళు పైనే బతకొచ్చు, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

రామచిలుక జోలికి అసలు వెళ్ళకండి. మన దేశపు చిలుకల్ని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పొలాల్లో పట్టి రంగులు పూసి అమ్మే మునియాలనే చిన్న పిట్టలూ అంతే. ఇప్పటికే పక్షులున్న ఇంట్లోకి కొత్తదాన్ని తెస్తే కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచండి, పాతవాటికి గింజలు పెట్టాకే కొత్తదాని పంజరం ముట్టుకోండి.