పాత సామానుతో కొత్త ఉప్పునీటి ట్యాంకు: సైకిల్ పూర్తి చేసే పద్ధతి

హైదరాబాద్‌లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకున్న చాలామంది కొత్త సామాను ధరలు చూసి వెనక్కి తగ్గుతారు. నా ట్యాంకులో గాజు, స్కిమ్మర్ (నీళ్లలోని వ్యర్థాలని నురుగుతో తీసేసే పరికరం), రాళ్లు అన్నీ ఎవరో ఇల్లు మారుతూ అమ్మేసినవే. అమ్మేవాళ్లని నేను ముందు ధర అడగను. "ఇందులో ఎప్పుడైనా కాపర్ మందు వాడారా అండీ?" అని అడుగుతాను. తెల్లమచ్చల జబ్బుకి వేసే ఆ మందు రాళ్లలోకి, ఇసుకలోకి ఇంకి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. చేపలు ఓర్చుకుంటాయి గానీ రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. వాడామంటే రాళ్లు, ఇసుక అక్కడే వదిలేయండి.

గాజు తొట్టెని చదునైన నేల మీద పెట్టి, నింపి, రెండు రోజులు ఉంచండి. మూలల కింద పొడి న్యూస్‌పేపర్ పరిస్తే చిన్న లీకైనా తెలిసిపోతుంది. పంపులకి పట్టిన తెల్లటి సున్నం వెనిగర్ కలిపిన నీళ్లలో పోతుంది. సబ్బు మాత్రం తగలనివ్వద్దు.

అసలు విలువ రాళ్లది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లని అంటిపెట్టుకునే బతుకుతుంది. ఈ బ్యాక్టీరియా ట్యాంకులో సరిపడా పెరగడాన్నే సైకిల్ పూర్తవడం అంటారు. నీళ్లలో ఉండేది చాలా తక్కువ. అందుకే పాత నీళ్లు డ్రమ్ములకొద్దీ మోసుకురావడం దండగ, రాళ్లు మునిగేంత తెచ్చుకుంటే చాలు. దారిలో రాయి ఆరిపోతే అందులోని ప్రాణులు చచ్చి, ట్యాంకులో కుళ్లుతాయి.

ఇంటికి రాగానే ఒక్కో రాయినీ చేతిలోకి తీసుకుని, బొరియల దగ్గర వాసన చూస్తాను. బీచ్ వాసన వస్తే మంచిది, కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపల ఏదో చచ్చింది. ఉప్పునీళ్ల బకెట్లో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో జిగురు, చచ్చిన స్పాంజి రుద్దేస్తాను. గోధుమరంగు చిన్న పువ్వులా ఏప్టేసియా అనే కలుపు జీవి కనిపిస్తే దాన్ని రుద్దకండి, ప్రతి తునకా మళ్లీ మొలుస్తుంది. ఉలితో ఆ ముక్కే కొట్టేయండి.

పాత ఇసుక ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను. పైన తెల్లగానే ఉంటుంది, వేలు గుచ్చితే కింద నల్లటి పొర, అందులో హైడ్రోజన్ సల్ఫైడ్. విశాఖ వెళ్లినప్పుడు సముద్రం రాళ్లు ఏరుకు రావడమూ వద్దు. మన దేశంలో పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

బోరు నీళ్లు పనికిరావు. ఇంట్లో తాగే ఆర్‌వో నీళ్లలోనూ లవణాలు మిగులుతాయి, దానికి డీఐ రెజిన్ (ఆ మిగిలిన లవణాలని పట్టేసే గుళికలు) తగిలించి టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, సున్నాకి తేవాలి. 100 లీటర్లకి దాదాపు 3.7 కిలోల అక్వేరియం ఉప్పు వేస్తే సాంద్రత 1.025 దగ్గరికి వస్తుంది. ఆవిరైన మేరకు ఉప్పు కలపని ఈ శుద్ధి నీళ్లే పోయండి, ఉప్పు ఆవిరి కాదు కదా. ఎండాకాలంలో నీళ్ల మీదికి ఫ్యాన్ పెట్టండి.

రాళ్లు పెట్టి, పంపులు ఆన్ చేసి, లైట్లు ఆపేసి, అమ్మోనియా చూడండి. పాత సామానులో నేను ఎప్పుడూ కొనొద్దనేది టెస్ట్ కిట్. గడువు దాటితే అబద్ధం చెబుతుంది. అమ్మోనియా ఇప్పటికే ఎక్కువగా ఉంటే అది సున్నాకి దిగేదాకా ఏమీ కలపకండి. సున్నా ఉంటే 100 లీటర్లకి సుమారు 0.6 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేయండి, 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వస్తుంది. మన నవాసాగరమే ఇది, కానీ కళాయి పూతకి అమ్మేది కాకుండా ల్యాబ్ గ్రేడ్ తీసుకోండి.

ఒక్క రోజులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగితే సైకిల్ అయినట్టే. తడి రాళ్లతో వారంలోనే కావచ్చు, ఆరిన రాళ్లతో నెల దాటొచ్చు. రోజులు లెక్కపెట్టొద్దు, టెస్టే నమ్మండి. నైట్రైట్ ఉన్నంతకాలం నైట్రేట్ కిట్ ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి కంగారుపడకండి. గాజు మీద గోధుమరంగు పొడి కూడా మామూలే.

చివరగా సగం నీళ్లు మార్చి, ఒక చిన్న క్లౌన్‌ఫిష్ జంటతో మొదలుపెట్టండి. మేత కొంచెమే వేయండి, మొదటి వారమంతా రోజూ అమ్మోనియా చూడండి. మూడో చేప సంగతి ఆ తర్వాతే.