కాల్ డైవర్ట్ పెడితే ఫోన్ ఎక్కడ మోగుతుంది? సరిగ్గా పెట్టుకోవడం ఎలా

షాపు నంబర్‌కి వచ్చే కాల్స్ ఇంట్లో ఎత్తాలని కాల్ ఫార్వర్డింగ్, అంటే కాల్ డైవర్ట్, పెడతాం కదా, చాలామంది లిస్టులో పైన కనపడే "ఆల్వేస్ ఫార్వర్డ్" ఆన్ చేసి వదిలేస్తారు, ఇంక షాపు ఫోన్ చేతిలోనే ఉన్నా, ఫుల్ సిగ్నల్ ఉన్నా అస్సలు మోగదు, కాల్ నేరుగా రెండో నంబర్‌కే పోతుంది. డైవర్ట్ ఉండేది ఫోన్‌లో కాదండీ, నెట్‌వర్క్‌లో, అందుకే ఫోన్ స్విచాఫ్ చేసినా అది పని చేస్తూనే ఉంటుంది.

ఆండ్రాయిడ్‌లో ఫోన్ యాప్ తెరిచి మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ వెతకండి, రెండు సిమ్‌లుంటే ఏ సిమ్‌కో చూసుకోండి, దేనిది దానికే. ఆల్వేస్ కాకుండా ఇంకో మూడు ఉంటాయి: బిజీగా ఉంటే, ఎత్తకపోతే, సిగ్నల్ లేకపోతే. నా మాట వినండి, షాపుకైతే ఆఖరి రెండూ చాలు, ముందు మీ ఫోన్ మోగుతుంది, మీరు ఎత్తకపోతేనే ఇంటికి వెళ్తుంది. పెట్టాక వేరే ఫోన్ నుంచి ఒకసారి కాల్ చేసి చూడండి, ఇంటి ఫోన్‌లో మళ్ళీ షాపుకే డైవర్ట్ పెట్టి ఉంటే మాత్రం కాల్ ఎక్కడా సరిగ్గా కలవదు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళే కాల్ ఖర్చు డైవర్ట్ పెట్టినవాళ్ళదే, ప్లాన్ చూసుకోండి. ఎస్సెమ్మెస్‌లు, వాట్సాప్ కాల్స్ మాత్రం డైవర్ట్ అవ్వవు.

ఇప్పుడు అసలు భయం. కొరియర్ అనో సిమ్ కంపెనీ అనో ఫోన్ చేసి *401* కొట్టి ఒక నంబర్ డయల్ చేయమంటారు, చేశారా మీ కాల్స్ అన్నీ వాడికే, కాల్‌లో చెప్పే ఓటీపీ కూడా వాడే వింటాడు, దాంతో మీ వాట్సాప్ కూడా లాక్కుంటాడు. ఈ మోసాల వల్లే 2024 ఏప్రిల్ 15 నుంచి *401# డైవర్ట్ సర్వీసులు ఆపేయమని టెలికాం శాఖ ఆదేశించింది. అయినా ఎవరైనా స్టార్, హ్యాష్‌తో ఏదన్నా డయల్ చేయమంటే వెంటనే కట్ చేయండి.

అనుమానం ఉంటే *#21# డయల్ చేయండి, స్క్రీన్ మీద వాయిస్ (మామూలు కాల్స్) ఎదురుగా నాట్ ఫార్వర్డెడ్ అని వస్తే ఆల్వేస్ డైవర్ట్ లేనట్టే. తెలియని నంబర్ కనపడితే ##002# కొట్టండి, అన్ని డైవర్ట్‌లూ పోతాయి, డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ##002# కొడితే మీరు పెట్టుకున్నవి కూడా పోతాయి, వాటిని మళ్ళీ పెట్టుకోవాలి.