నైజీరియాలోని లాగోస్‌కు కొత్తగా వచ్చారా? ముందు ఓసువోఫియాను కలవండి

దోమతెర, మలేరియా మందులు, జనరేటర్‌లో డీజిల్ లెక్క ఇవన్నీ మీ కంపెనీలో ముందే పాతుకుపోయిన మనవాళ్లు చెప్తారు. వాళ్లు చెప్పనిది ఒకటుంది. మొదటి ఆదివారం తీరిక దొరకగానే 'ఓసువోఫియా ఇన్ లండన్' సినిమా చూడండి. 2003లో వచ్చింది. బొమ్మ మసకగా ఉందని మధ్యలో ఆపేయకండి. ఆ రోజుల్లో ఇక్కడి సినిమాలు చాలావరకు థియేటర్ల కోసం కాదు, క్యాసెట్లుగా, డిస్కులుగా బజారులో అమ్మడానికి తీసేవారు.

ఓసువోఫియా ఒక పల్లెటూరి వేటగాడు. లండన్‌లో సోదరుడు చనిపోతే ఆస్తి కోసం విమానం ఎక్కుతాడు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పావురాలు కనబడగానే, ఇంత కూర ఊరికే తిరుగుతోందా అన్నట్టు వాటి వెంట పడతాడు. నవ్వుకున్నాను గానీ, నా మొదటి వారం అంతకంటే మెరుగేమీ కాదు. మా వాచ్‌మన్ పొద్దున్నే 'హౌ ఫార్?' అన్నాడు. ఫ్యాక్టరీ ఎంత దూరమని అడుగుతున్నాడనుకుని కిలోమీటర్లు చెప్పాను. అది 'బాగున్నారా' అనే పలకరింపట!

ఆ వేషం వేసినవారు ఎన్‌కెమ్ ఓవో. 1958లో పుట్టారు, ఎనుగు రాష్ట్రంలోని ఊడి వారు, ఇగ్బో జాతి మనిషి. ఇలోరిన్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదువుతూనే టీవీలో, సినిమాల్లో పని మొదలుపెట్టి, చివరికి నవ్వించడమే వృత్తి చేసుకున్నారు. మన ఇళ్లలో అయితే అందుకు ఎంత పంచాయితీ జరిగేదో మీకు తెలియనిది కాదు. హాస్యనటుడే కదా అని తేలిగ్గా తీసుకోకండి. 2008లో ఆఫ్రికా మూవీ అకాడమీ ఆయనకు ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చింది. లాగోస్ యోరుబాలనే మరో జాతి వాళ్ల గడ్డ అయినా, ఇక్కడ కూడా ఆయన్ను చాలామంది ఓసువోఫియా అనే పిలుస్తారు.

పిజిన్ భాష, అంటే ఇక్కడి జనం మాట్లాడే కలగాపులగం ఇంగ్లీషు, చెవికెక్కాలంటే ఆయన పాటే మంచి పాఠం. 2005 నాటి 'ద మాస్టర్' సినిమాలో 'ఐ గో చాప్ యువర్ డాలర్' అని పాడారు. చాప్ అంటే తినడం. మనం 'డబ్బు తినేశాడు' అంటామే, సరిగ్గా అదే. విదేశీయులకు ఉత్తరాలు రాసి డబ్బు గుంజే మోసగాడి పాట అది. ఆ మోసాన్ని ఇక్కడ 419 అంటారు, శిక్షాస్మృతిలోని సెక్షన్ నంబరు. మన 420కి పక్కింటి చుట్టం. అయితే ఒక మాట: 419 మీద జోకులు వాళ్లు వేసుకుంటారు, మీరు వేయకండి. ఆ అంకె వల్ల తన పాస్‌పోర్టును అనుమానంగా చూసే ప్రపంచంతో విసిగిపోయిన మనిషి మీ ఎదుటే కూర్చుని ఉండవచ్చు.

అంతా నవ్వులాట కాదు. 2009 నవంబరులో తూర్పు ప్రాంతంలో ఓవోను దుండగులు ఎత్తుకుపోయారు. డబ్బు ముట్టాకే వదిలారని చెప్తారు. దేశమంతా గుర్తుపట్టే ముఖానికే ఆ గతి పట్టింది. అందుకే ఊళ్ల మధ్య రాత్రిపూట రోడ్డు ప్రయాణం పెట్టుకోవద్దు. ఎప్పుడు, ఏ దారిన వెళ్తున్నారో పదిమందికి చెప్పుకోవద్దు. ఇంత దూరానికి విమానం దండగని లెక్కలు వేయకండి.

మిగతావి చిన్న సంగతులు. ఎడమ చేత్తో ఏదీ ఇవ్వకండి, ఇది మనకు కొత్త కాదు. పని చెప్పేముందు తప్పకుండా పలకరించండి. మనం ఆఫీసులో అడుగుపెడుతూనే 'ఆ ఫైలు ఏమైంది' అంటామే, ఇక్కడ అది పొగరు కింద లెక్క. ఎవరైనా 'హౌ బాడీ?' అంటే 'బాడీ డే ఇన్‌సైడ్ క్లోత్' అనండి, ఒళ్లు బట్టల్లోనే ఉందని. ఇది ఇక్కడి పాత జోకే. నేను మొదటిసారి అన్న రోజు మా వాచ్‌మన్ గేటు తీయడం మానేసి నవ్వాడు. ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యమైంది.