వేట తుపాకీ ఇంట్లో ఉన్నవాళ్లు ఇప్పుడు ఏం చేయాలి: విశాఖ, మన్యం వాసులకు

తుపాకీకి లైసెన్సు ఉంటే వేటకు వెళ్లవచ్చని పాడేరు, చింతపల్లి, అరకు వైపు ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. అది నిజం కాదు. తుపాకీ దగ్గర ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. జంతువును కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. మొదటి చట్టం ఇచ్చిన కాగితం రెండో చట్టం దగ్గర పనికిరాదు. మొదటిదాన్ని 2019లో, రెండోదాన్ని 2022లో సవరించారు. ఈ రెండో సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. తాతల నాటి తుపాకీ ఉన్న ఇళ్లకు రెండింటి వల్లా కొత్త పనులు పడ్డాయి.

ముందు ఇంట్లో ఉన్నవి లెక్కపెట్టుకోండి. 2019 దాకా ఒక మనిషి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు, ఇప్పుడు రెండే. మూడోదాన్ని 2020 డిసెంబరు 13లోపు పోలీస్ స్టేషన్‌లోగానీ, లైసెన్సున్న తుపాకీ డీలరు దగ్గరగానీ అప్పగించాల్సింది. వారసత్వంగా వచ్చినదానికీ ఈ పరిమితి తప్పదు. డబుల్ బ్యారెల్‌కు రెండు గొట్టాలున్నా లెక్కలో ఒకటే. మందు కూరే పాత తుపాకీ పేలేదైతే అదీ ఒకటి కిందే లెక్క. మరమ్మతు చేసినా పేలే అవకాశం లేని పాతకాలపు తుపాకీకి 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అయితే అది పేలుతుందో లేదో మీరు తేల్చుకోకండి, పోలీసుల చేత పరీక్ష చేయించి రాతపూర్వకంగా తీసుకోండి. గడువు దాటాక కూడా మూడోది ఇంట్లోనే ఉంటే దాచడం వల్ల కేసు పెద్దదే అవుతుంది. వకీలును వెంటపెట్టుకుని వెళ్లి అప్పగించడమే దారి.

తర్వాత లైసెన్సు పుస్తకం తెరిచి మూడు చోట్ల చూడండి. మొదటిది యూఐఎన్ నంబరు, అంటే లైసెన్సుదారుకు ఇచ్చే విశిష్ట గుర్తింపు సంఖ్య. అది లేని పాత పుస్తకం చెల్లదు. రెండోది గడువు. ఇదివరకు మూడేళ్లు ఉండేది, ఇప్పుడు ఐదేళ్లు. పోలీసు నివేదిక రావడానికి సమయం పడుతుంది కాబట్టి గడువుకు కనీసం రెండు నెలల ముందే రెన్యువల్‌కు పెట్టాలి. మూడోది చిరునామా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత విశాఖ కలెక్టరు ఇచ్చిన లైసెన్సుతో పాడేరు ప్రాంతంలో ఉంటున్నవారు అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టరు దగ్గరికి, నర్సీపట్నం, చోడవరం వైపువారు అనకాపల్లి కలెక్టరు దగ్గరికి వెళ్లాలి. నగర పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉంటే కమిషనరే లైసెన్సు అధికారి. పాత ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తు తిరిగి వచ్చేసరికి గడువు దాటిపోతే తుపాకీ లైసెన్సు లేనిదే అవుతుంది.

నగరంలో ఉండేవాళ్లకు చాలామందికి తెలియని నియమం ఒకటుంది. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు నివసించే లైసెన్సుదారు తన పేరును అటవీశాఖ దగ్గర నమోదు చేయించుకోవాలని వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ చెబుతుంది. ఆ పరిధిలో కొత్త లైసెన్సు కావాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి సమ్మతి ముందుగా ఉండాలి. కంబాలకొండ అభయారణ్యం నగరాన్ని ఆనుకునే ఉంది. ఎండాడ, మధురవాడ, ఆరిలోవ, ఎంవీపీ కాలనీ, సింహాచలం, ఆనందపురం అన్నీ ఈ 10 కిలోమీటర్లలోనివే. 2022 సవరణ తర్వాత రెన్యువల్ చేసేటప్పుడు కూడా అటవీశాఖకు సమాచారం వెళ్లాలి. దరఖాస్తుతో పాటు డీఎఫ్‌ఓ (డివిజనల్ అటవీ అధికారి) కార్యాలయంలో ఇచ్చిన నమోదు కాగితం నకలు జతచేస్తే ఫైలు మధ్యలో ఆగదు. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి తుపాకీతో అడుగుపెట్టడమే నేరం, పేల్చకపోయినా సరే.

తండ్రి చనిపోయాక ఆయన తుపాకీ దూలానికి వేలాడుతూ ఉండిపోవడం మనవైపు ఎక్కువగా కనిపించే పొరపాటు. లైసెన్సు మనిషితోనే పోతుంది. వెంటనే స్టేషన్‌లోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. తర్వాత ఫారం ఎ-1లో వారసుల్లో ఒకరు దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న అఫిడవిట్, డిపాజిట్ రసీదు జతచేయాలి. వారసుడికి 21 ఏళ్లు నిండి ఉండాలి. తండ్రి బతికుండగానే మార్చుకునే వీలూ ఉంది. ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, తాను ఎంచుకున్న వారసుడికి ఇప్పించవచ్చు. ఇదే సులువైన దారి, ఆలస్యం చేయకండి.

నాటు తుపాకీ సంగతి వేరు. దానికి లైసెన్సు లేకపోతే దగ్గర పెట్టుకున్నందుకే 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా. 2019కి ముందు ఇది 1 నుంచి 3 ఏళ్లుండేది. తయారు చేసిన, అమ్మిన, బాగుచేసిన మనిషికి 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా పడవచ్చు. గొట్టానికి అతుకు వేసి పెట్టిన ఊరి కమ్మరి కూడా ఈ సెక్షన్‌లోకే వస్తాడని గుర్తుంచుకోండి, అతన్ని ఇందులోకి లాగకండి. కర్ణాటకలోని కొడగు ప్రజలకు లైసెన్సు నుంచి ఉన్న మినహాయింపును ఇక్కడ కొందరు చూపిస్తుంటారు, అది అక్కడి కొడవ జాతివారికి, జమ్మా అనే వంశపారంపర్య భూమి ఉన్నవారికే. అప్పగించేటప్పుడు తుపాకీని భుజాన వేసుకుని బస్సెక్కవద్దు, దారిలో తనిఖీలో దొరికితే అప్పగించడానికే వెళ్తున్నానంటే నమ్మరు. ఊరి పెద్దల ద్వారా ముందు స్టేషన్‌కు కబురు పంపి, వాళ్లను రమ్మనాలి. గొట్టంలో మందు కూరి ఉంటే ఆ మాట మొదటే చెప్పాలి. నీళ్లు పోసో, పుల్లతో గెలికో మందు తీయబోతే చేతిలోనే పేలుతుంది. తీసుకున్నట్టు రసీదు అడగడం మరవద్దు.

ఇక పంటను తినే అడవిపంది. ఇప్పుడది వన్యప్రాణి చట్టంలోని రక్షిత జంతువుల జాబితాల్లో రెండోదైన రెండో షెడ్యూలులో ఉంది. పంట కాపాడుకోవడానికి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని ఆయుధాల చట్టం 13వ సెక్షన్ అంటుంది. అది చాలదని తేలితే నునుపు గొట్టం ఉన్న వేరే తుపాకీకీ ఇవ్వవచ్చు. కానీ ఆ తుపాకీతో పందిని కొట్టాలంటే వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీ అధికారి కారణాలు రాసి ఇచ్చిన ఉత్తర్వు చేతిలో ఉండాలి. గార్డు నోటిమాటగా సరేనంటే అది అనుమతి కాదు. రేంజి అధికారికి ఇచ్చే అర్జీలో సర్వే నంబరు, పంట, నష్టపోయిన విస్తీర్ణం, పందులు పడిన తేదీలు, ఫొటోలు ఉండాలి. గ్రామ సచివాలయంలో పంట నష్టం రాయించుకుంటే పరిహారానికీ పనికొస్తుంది. ఉత్తర్వులో రాసిన ప్రాంతం దాటి తరమకూడదు. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి, మాంసం వాటాలు వేసుకుంటే కేసు అవుతుంది. కరెంటు తీగ, ఉచ్చు, నాటుబాంబు కూడా చట్టం దృష్టిలో వేటే. తీగ తగిలి రాత్రిపూట మనుషులు చనిపోతున్నారు, దయచేసి దాని జోలికి పోవద్దు.

ప్రాణం మీదికి వచ్చిన జంతువును ఆత్మరక్షణలో చంపితే నేరం కాదు. అయితే అప్పటికే వేటలో ఉన్నవాడికి ఆ రక్షణ దొరకదు. చైత్రంలో గిరిజనుల వేట పండుగైన ఇటుకల పండుగకు అడవికి వెళ్లే బృందాలు ఈ తేడా తెలుసుకోవాలి. విల్లంబులతో వెళ్లినా, జంతువు దొరక్కపోయినా, వేటకు ప్రయత్నించడమే చాలు. ఎలుగుబంటి, అడవిదున్న, నెమలి మొదటి షెడ్యూలులోనివి, వాటికి కనీస శిక్షే 3 ఏళ్లు. అదే పండుగలో గాల్లోకి తుపాకీ పేల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే 2 ఏళ్ల వరకు జైలుగానీ, లక్ష రూపాయల వరకు జరిమానాగానీ, రెండూగానీ ఉంటాయి. ఇది 2019లో కొత్తగా వచ్చిన సెక్షన్.

ఎయిర్‌గన్ 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నదైతే లైసెన్సు అక్కర్లేదు. దాంతో కొంగనో, అడవికోడినో కొడితే మాత్రం వేటే.

అరకు, ముంచంగిపుట్టు వైపువారు చివరగా లైసెన్సులోని ప్రాంత పరిధి చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే ఒడిశా సరిహద్దు దాటేటప్పుడు తుపాకీ ఇంట్లోనే ఉండాలి. ఎన్నికల ప్రకటన వచ్చాక డిపాజిట్ చేయమని నోటీసు వస్తే తుపాకీ నంబరుతో రసీదు రాయించుకోండి, తిరిగి తీసుకునేటప్పుడు ఆ నంబరు గొట్టం మీది అంకెతో సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి. లైసెన్సు తిరస్కరిస్తూ ఉత్తర్వు వస్తే అప్పీలుకు 30 రోజులే ఉంటాయి, ఉత్తర్వు అందిన తేదీ కవరు మీద రాసి దాచండి.