గడప దాటని గుర్రం – నాలుగో పాఠం: మోరీ దగ్గర

ఇల్లు వదిలి పోనని మొండికేసే గుర్రాన్ని బయటికి నడిపించడం ఈ పాఠాల సంగతి. పోయిన పాఠంలో చెప్పిన పని అయ్యిందా? పళ్లు, వీపు, గిట్టలు, కళ్ళెం చూసుకోకుండా ఇక్కడికి వచ్చినవాళ్లు వెనక్కి పోయి అది ముగించుకుని రండి. పై దవడ పళ్ల అంచులు పదునెక్కి చెంప లోపల కోస్తుంటే ఏ గుర్రమైనా మొండికేస్తుంది. పాత బారాత్ గుర్రమైతే దాని సామాన్ల సంచి కూడా ఒకసారి దులపండి. ముళ్ల కళ్ళేన్ని బండి లాగే, బరువు మోసే పశువులను హింసించకుండా తెచ్చిన 1965 నాటి నిబంధనలే నిషేధించాయి, అయినా సంచి అడుగున అది ఇంకా దొరుకుతూనే ఉంటుంది. నొప్పి ఏదీ లేదని పశువుల డాక్టర్ చెప్పాకే జీను వేయండి.

మా గుర్రం చాందిని దేవరకొండ వైపు ఒక బత్తాయి తోటలో ఉంటుంది. నా దగ్గరికి రాకముందు ఏండ్ల తరబడి పెండ్లిండ్లలో తిరిగింది. బ్యాండు, పటాకులు, డీజే, జనరేటర్ లైట్లు, దేనికీ బెదరదు. అట్లాంటిది పొద్దున ఆరింటికి, పురుగు కూడా కదలని బండ్లబాట మీద, గేటు దాటి మోరీ (బాట కింద నీళ్లు పోయే తూము) దగ్గరికి రాగానే నాలుగు కాళ్లూ పాతేసేది. చాలా రోజులు తల పట్టుకున్నాను. తర్వాత తట్టింది. బారాత్ గుర్రం ఎన్నడూ ఒంటరిగా నడిచింది లేదు. ముందర పగ్గం పట్టుకుని ఒక మనిషి, చుట్టూ జనం. పైన కూర్చున్న పెండ్లికొడుకు దాని లెక్కలో ఒక మూట. ఇప్పుడు ముందర మనిషి లేడు, మీదున్న మూటేమో "పద" అంటోంది. ఎందుకు వింటుంది?

పైగా తోటలో దానికి సోపతి ఒక బర్రె. నవ్వకండి. గుర్రం మందలో బతికే జంతువు, మంద దొరక్కపోతే దొరికినదాన్నే మంద చేసుకుంటుంది. బర్రె కనబడకుండా పోయే చోటు, చాందిని ఆగే చోటు ఒక్కటే. ఇది కనిపెట్టడానికి నాకు నెలన్నర పట్టింది. మీ గుర్రం ఆగే చోట నిలబడి మీరూ ఒకసారి వెనక్కి చూడండి.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లమీద నడుస్తుంది" అని ఊళ్లో పెద్దమనుషులు నాకు చెప్పని రోజు లేదు. ఆ మాట పట్టుకుని ఒకనాడు కొరడా తీశాను. చాందిని రెండు కాళ్లమీదే లేచి నిలబడింది. నేను పక్కనున్న సర్కారు తుమ్మలో పడ్డాను. ముళ్లు తీసుకునేసరికి మధ్యాహ్నం అయ్యింది. ఆ తర్వాత నుంచే ఈ పద్ధతి.

మొదటి వారం చేయాల్సింది లెక్కపెట్టడం, అంతే. గేటు నుంచి గుర్రం ఆగే చోటిదాకా దాని అడుగులు లెక్కపెట్టండి. చెవుల మీద కన్నుంచండి. మార్వాడీ గుర్రమైతే చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి, అవి విడిపోవడం ఇట్టే తెలుస్తుంది. చాందినికి 48వ అడుగు దగ్గర ఎడమ చెవి ఇంటివైపు తిరిగేది. 55 దగ్గర అడుగు పొట్టిదయ్యేది, మెడ లేచేది. 64 దగ్గర ఆగిపోయేది. మనకు కావాల్సిన అంకె 64 అనుకుంటాం గానీ, పనికొచ్చేది 48. నేను 45వ అడుగు దగ్గర ఒక రాయికి సున్నం పూసి పెట్టుకున్నాను. అక్కడిదాకా పోవడం, నిలబెట్టడం, మెడ నిమరడం, నిదానంగా తిప్పుకుని రావడం. తిరుగుదామన్న మాట ముందు మీ నోటి నుంచి రావాలి. అది ఆగాక మీరు తిప్పితే, ఆగితే ఇంటికి పోవచ్చని మీరే నేర్పినట్టు. మూడు రోజులు వరసగా చెవి కదలకపోతే రాయిని ఐదడుగులు ముందుకు జరపండి. విసుగు పుడుతుంది. పుట్టనివ్వండి.

ఎంత జాగ్రత్తపడ్డా ఒకనాడు ఆగనే ఆగుతుంది. మనకు ఆ రోజే అసలు పని. నాకు కార్తీకంలో ఒక పొద్దున వచ్చింది. మోరీకి రెండు అడుగుల ఇవతల చాందిని బిగుసుకుపోయింది. మెడ కర్రలా లేచింది, ముక్కుపుటాలు గుండ్రంగా తెరుచుకున్నాయి, తొడల కింద దాని డొక్క గట్టిపడటం తెలుస్తోంది. నేను మడమలతో పొడవలేదు. పగ్గాలు రెండూ సమానంగా, నోటికి తాకీతాకనట్టు పట్టుకుని, దాని చెవుల మధ్య నుంచి దూరంగా ఉన్న వేపచెట్టును చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు, ఇంటివైపు మాత్రం తిరగొద్దు. మా ఇద్దరి మధ్య ఒప్పందం ఇదొక్కటే.

అది ఎడమకు తిరగబోయింది. గుర్రం తిరగబోతే రెండు పగ్గాలూ లాగకండి. రెండూ లాగితే వెనక్కి నడుస్తుంది, లేకుంటే లేస్తుంది. అది ఏ పక్కకు తిరుగుతోందో ఆ పక్క పగ్గాన్నే మోకాలివైపు మెల్లగా తెరిచి, ఆ తిరగడాన్ని చిన్న చుట్టుగా పూర్తి చేయించి మళ్లీ బాటకు ఎదురుగా నిలపండి. ఇరుకుగా, కాలువ గట్టు మీద ఉంటే చుట్టు తిప్పకండి, దిగిపోండి. ఆ పొద్దున ఇట్లా నాలుగు చుట్లు తిరిగాం. పాలబండి మీద పోతున్న పిల్లగాడు "ఏందన్నా, పెట్రోల్ అయిపోయిందా?" అన్నాడు. సమాధానం చెప్పకపోవడం కూడా ఈ పాఠంలో భాగమే.

తర్వాత పగ్గం వదులు చేశాను. గుర్రం చుట్టూతా దాదాపు 350 డిగ్రీలు చూడగలదు కానీ నుదుటికి సరిగ్గా ఎదురుగా, తోక వెనక కొంత చోటు దానికి కనపడదు. మెడ బిగదీసి పట్టుకుంటే కాళ్ల ముందున్న మోరీని అది సరిగా చూసుకోలేదు. వదులు దొరకగానే చాందిని తల దించింది, మోరీ సిమెంటు అంచును వాసన చూసింది, బుస్సుమని ఊదింది. అప్పుడు రెండు పిక్కలతో మెత్తగా తడుతూ పోయాను, గడియారంలా, ఒకే బలంతో. ముందరి కుడికాలు లేవలేదు. బరువు మాత్రం కుడి భుజం నుంచి ఎడమ భుజానికి మారింది, అంతే. ఆ క్షణంలో పిక్కలు ఆపేశాను. అడుగు వేశాక ఆపుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. వేయాలన్న ఆలోచన కాలిలోకి దిగినప్పుడే ఆపాలి. మళ్లీ తట్టాను, ఈసారి గిట్ట లేచింది, ఆపాను. మూడోసారి మోరీ మీద కాలు పెట్టింది. గేటు నుంచి అక్కడిదాకా నిమిషం లోపు నడక. ఆనాడు 19 నిమిషాలు పట్టింది.

దాటగానే ఏం చేయాలి? చాలామంది సంబరపడి ఇంకో కిలోమీటరు తోలతారు. నేను పది అడుగులు పోయి వేపనీడలో దిగాను, తంగు (జీనును కడుపు కింద బిగించే పట్టీ) రెండు రంధ్రాలు వదులు చేశాను, ముందే తెచ్చి దాచిన పచ్చగడ్డి పిడికెడు పెట్టాను. అది నాలుక చప్పరించింది, తల దించి పెద్ద నిట్టూర్పు వదిలింది. పది నిమిషాల తర్వాత ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి వచ్చాం.

దీనికి రెండో సగం ఇంటి దగ్గర ఉంది. ఇన్నాళ్లూ దానికి బయట అంటే చాకిరీ, ఇల్లంటే దాణా. ఇప్పుడు తిరగేయండి. చుట్లు తిప్పడం, దుల్కీ నడక (చిన్న పరుగు), వెనక్కి నడిపించడం, చెమట పట్టే పనంతా గేటు ముందరి చెల్కలో చేయించండి. ఆ తర్వాత మోరీ అవతలికి తీసుకుపోయి విశ్రాంతి ఇవ్వండి. ఖాళీ కడుపుతో బయల్దేరదీయకండి, రోజులో చాలా భాగం మేస్తూ గడిపే జంతువు అది. కొంచెం గడ్డి తిననిచ్చే జీను వేయండి. తిరిగొచ్చాక ఉలవ గుగ్గిళ్లు వెంటనే పెట్టొద్దు. నీడన కట్టేసి, నీళ్లు చూపించి, గంట ఆగండి. బర్రె పక్కనే కట్టకండి, నాలుగు గుంజల అవతల కట్టండి.

తిరుగు ప్రయాణంలో కాళ్లకు చక్రాలొస్తాయి. పగ్గం లాగి పోట్లాడకండి. వేగం పెరగ్గానే ఇంటికి వ్యతిరేకంగా తిప్పి ఇరవై అడుగులు నడిపించండి, నెమ్మదించాక మళ్లీ ఇంటిదారి. మొదటిరోజు మా వంద మీటర్ల దారికి అరగంట పట్టింది. గేటు దగ్గర దిగే అలవాటు మానుకోండి. గేటు దాటి అవతలి బత్తాయి వరసదాకా పోయి, అక్కడ దిగండి.

ముందరి కాళ్లు లేపితే పగ్గాలు వదులు చేసి, ముందుకు వంగి, జూలు పట్టుకోండి. పగ్గానికి వేలాడితే గుర్రం మీ మీదే పడుతుంది. కిందికి దిగగానే ముందుకు నడిపించండి. రెండోసారీ లేపితే దిగి, చేత్తో పట్టుకుని మోరీ దాటించి, మళ్లీ అక్కడ ఎక్కండి. అందులో నామోషీ ఏం లేదు. గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్ లేకుండా ఎక్కకండి. ఎండాకాలం మన దగ్గర ఏడు దాటితే రేకు కాలినట్టు కాలుతుంది, అంతకుముందే ముగించేయండి.

వచ్చే పాఠం వరకు నోటుబుక్కులో రోజూ మూడు సంగతులు రాయండి: చెవి తిరిగిన అడుగు, ఆగిన అడుగు, మీరు తిప్పిన అడుగు. మొదటి రెండూ ఎక్కడెక్కడో ఉంటాయి, మూడోది ఎప్పుడూ ఆ రెండిటికన్నా తక్కువ ఉండాలి. ఐదో పాఠంలో సోపతి కనబడకుండా పోయినప్పుడు సకిలించే గుర్రాన్ని, ఎదురొచ్చే ఆర్టీసీ బస్సును చూద్దాం. అందాకా తారురోడ్డు ఎక్కకండి.